తండ్రి వృత్తి అనే కాలమ్‌తో ఆరేళ్లు

పీహెచ్‌డీకి సామాజిక గతిశీలత, అంటే తరం మారేసరికి మనుషులు సమాజంలో పైకెక్కారా, కిందికి దిగారా అనే అంశం తీసుకున్నప్పుడు నాకది చాలా తేలిగ్గా కనిపించింది. తండ్రి ఏం పని చేశాడో, బిడ్డ ఏం పని చేస్తున్నాడో పక్కపక్కన పెట్టి చూడటమే కదా! పైగా సొరోకిన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1927లోనే దీని మీద ఏకంగా ఒక పుస్తకం రాసేశాడు. మూడేళ్లలో బయటపడతాననుకున్నాను. ఆరేళ్లు పట్టింది.

మొదటి ఏడాదంతా కోడింగ్‌కే, అంటే సర్వే జవాబులను వర్గాలుగా విడగొట్టి అంకెలు వెయ్యడానికే సరిపోయింది. "మీకు 14 ఏళ్లప్పుడు మీ నాన్నగారు ఏం చేసేవారు?" అన్నది సర్వేలో ప్రశ్న. చాలామంది "వ్యాపారం" అనేవారు. తోపుడు బండి మీద అమ్మినా వ్యాపారమే, యాభై మందిని పనిలో పెట్టుకున్నా వ్యాపారమే. ఐఎస్‌సీఓ-08 అనే అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణలో 436 సమూహాలున్నాయి. వాటిలో ఏదో ఒకదానిలో ప్రతి మనిషినీ కూర్చోబెట్టాలి. ఒక రాత్రి సరదాకి నా ఫారమే నింపి చూశాను. మా నాన్న కొన్నాళ్లు లారీ నడిపాడు, కొన్నాళ్లు కౌలుకు సేద్యం చేశాడు. సరిగ్గా నాకు 14 ఏళ్లప్పుడు మాత్రం ఏ పనీ దొరక్క ఇంట్లో ఉన్నాడు. అంటే నా పరిశోధన లెక్కలో ఆయన వృత్తి "లేదు". ఆ రాత్రి ఇక పని సాగలేదు.

అసలు దెబ్బ రెండో ఏడాదిలో తగిలింది. కూలీల పిల్లల్లో ఉద్యోగాలకు ఎదిగినవాళ్లు పెరిగారు కాబట్టి అవకాశాలు సమానమవుతున్నాయని ఒక అధ్యాయం రాసి గర్వంగా ఇచ్చాను. మా గైడ్ మేడమ్ చదివి, ఏమీ అనకుండా కాగితం మీద నాలుగు గళ్లు గీశారు.

"పాత తరంలో ఉద్యోగుల పిల్లలు వందలో 40 మంది ఉద్యోగులయ్యారనుకో, కూలీల పిల్లలు 10 మంది. కొత్త తరంలో అవి 60, 20 అయ్యాయి. ఇప్పుడు చెప్పు, తేడా తగ్గిందా?"

"తగ్గింది మేడమ్, పది ఇరవై అయింది కదా" అన్నాను.

"లెక్క వెయ్యి."

వేశాను. పాత తరంలో ఉద్యోగుల పిల్లల్లో ఉద్యోగులైనవాళ్లు 40కి కానివాళ్లు 60, కూలీల పిల్లల్లో 10కి 90. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 6. కొత్త తరంలో 60కి 40, 20కి 80, మళ్లీ 6. కూలీల పిల్లల్లో పైకి వచ్చినవాళ్లు రెట్టింపయ్యారు, పోటీలో వాళ్ల స్థానం మాత్రం అంగుళం కదల్లేదు. ఉద్యోగాలే ఎక్కువయ్యాయి కాబట్టి రెండు వైపులా పెరిగారు, అంతే. ఆ 6నే ఆడ్స్ రేషియో అంటారు. పుస్తకంలో పదిసార్లు చదివిందే, నా సొంత అధ్యాయం కూలితే గానీ బుర్రకెక్కలేదు. ఎనభై పేజీలు చెత్తబుట్టలోకి పోయాయి.

ఆదాయాల అధ్యాయంలో అంత నష్టపోలేదు, ముందే జాగ్రత్తపడ్డాను. తండ్రి ఒక్క ఏడాది సంపాదనే తీసుకుంటే ఆయన ఆదాయానికీ బిడ్డ ఆదాయానికీ ఉన్న బంధం బలహీనంగా కనిపిస్తుంది, ఆ ఏడాది ఆయనకు కలిసొచ్చి ఉండొచ్చు, జబ్బు చేసి ఉండొచ్చు. గ్యారీ సోలన్ అనే ఆర్థికవేత్త 1992లో అమెరికా లెక్కల్లో కొన్నేళ్ల సగటు తీస్తే, ఆ బంధం ఎంత గట్టిదో చూపే సంఖ్య, అంతకుముందు 0.2 దగ్గర ఉందనుకున్నది, 0.4 దగ్గరికి వచ్చింది.

తర్వాత ఒక పేపర్ మూడు చోట్ల రిజెక్ట్ అయింది. ఆ టెన్షన్ గురించి రాయడానికేం లేదు, అందరికీ ఉండేదే. ఒక్కటి మాత్రం చెప్పాలి. స్కాలర్‌షిప్ అయిపోయాక చివరి ఏడాదిన్నర ట్యూషన్లు చెప్పుకుంటూ రాశాను. నాతో చేరి, ఇంటి నుంచి డబ్బులొచ్చే స్నేహితుడు అప్పటికే థీసిస్ ఇచ్చేశాడు. మా ఇద్దరినీ నా టేబుల్లో ఏ గడిలో వెయ్యాలో నాకు బాగా తెలుసు.

వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, తండ్రి పనినీ బిడ్డ పనినీ పోల్చే గతిశీలత పట్టికల గురించి గంటసేపు ఉత్సాహంగా మాట్లాడాను. అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు బ్లౌ, డంకన్‌లు 1967లో అచ్చువేసిన ప్రసిద్ధ అధ్యయనాన్ని ప్రస్తావించగానే బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు ఆపారు. "అందులో ఇరవై వేల మందికి పైగా ఉన్నారు, అందరూ మగవాళ్లే. మీ పట్టికల్లోనూ తండ్రులే ఉన్నారు. మరి అమ్మలేరీ?"

డేటాలో లేరండీ అన్నాను. ఆవిడ నవ్వి, రాసుకున్నారు. డిగ్రీ వచ్చింది.

ఇప్పుడు కొత్త సర్వేకి ప్రశ్నలు రాస్తున్నాను. తల్లి పని గురించి అడిగే ప్రశ్ననే ముందు పెట్టాను. మొన్న మా అమ్మతోనే పరీక్షించి చూశాను. "నేనేం పని చేశానురా, ఇంట్లోనే ఉన్నాగా" అంది, నాన్న ఖాళీగా ఉన్న ఆ ఏడాది కుట్టుమిషన్ మీద ఇల్లు నడిపిన మనిషి. ఆ ప్రశ్నని మళ్లీ తిరగరాస్తున్నాను.