ఆ కబురు ఎవరిది?

మా అమ్మాయికి యాక్సిడెంట్ అయిన సంగతి తెల్లారేసరికి మూడు రాష్ట్రాల్లో తెలుగువాళ్ళకు తెలిసిపోయింది. ఆ పిల్లకు మాత్రం తెలియదు. వెంటిలేటర్ మీద ఉంది.

తను ఒహాయోలో చదువుతోంది. మేం న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర ఉంటాం. రాత్రి లైబ్రరీ నుంచి వస్తూ రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. తొడ ఎముక విరిగింది, తలకు గట్టి దెబ్బ. పెన్సిల్వేనియా అంతా దాటుకుంటూ వెళ్ళాలి, ఎంత తొందరగా వెళ్ళినా ఎనిమిది గంటలు. మావారు డ్రైవ్ చేస్తుంటే నేను పక్కన కూర్చుని తెలిసినావిడ ఒకరికి ఫోన్ చేశాను. వాళ్ళ తమ్ముడు అదే ఊళ్ళో ఎమ్మెస్ చేశాడు, అతని జూనియర్లు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. మేం సగం దారిలో ఉండగానే ముగ్గురు కుర్రాళ్ళు, ఒక అమ్మాయి ఆస్పత్రి వెయిటింగ్ రూమ్‌కి చేరుకున్నారు.

వాళ్ళెవరికీ మా అమ్మాయి తెలియదు. ఒకే క్యాంపస్, ఒకే బస్సు, అయినా తెలియదు. ఇక్కడ పుట్టిన పిల్లలకూ, వరంగల్ నుంచో గుంటూరు నుంచో ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలకూ మధ్య ఒక గోడ ఉంటుంది. వాళ్ళ యాసను వీళ్ళు, వీళ్ళ యాసను వాళ్ళు వెక్కిరించుకుంటారు. కెఫెటీరియాలో బల్లలు కూడా వేరు. ఆ రాత్రి "మీరు ఆమెకు ఏమవుతారు?" అని నర్సు అడిగితే ఒక కుర్రాడు కజిన్‌నని చెప్పాడట. అబద్ధమే. మన లెక్కలో మరీ పెద్ద అబద్ధమేమీ కాదు.

మాకు ఫోన్లో మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. పిల్లకు పద్దెనిమిది నిండాయి కాబట్టి వివరాలు చెప్పడానికి కుదరదన్నారు. రోగి వివరాలను కాపాడే హిపా చట్టం 1996లో వచ్చింది. రోగి స్పృహలో లేనప్పుడు, చెప్పడం రోగి మేలుకే అని డాక్టరుకు అనిపిస్తే కుటుంబానికి చెప్పడానికి ఆ చట్టమే ఒప్పుకుంటుంది. కానీ అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మనిషి ఆ నిర్ణయం తన నెత్తిన వేసుకోడు. పిల్లల్ని డార్మ్‌లో దింపేటప్పుడు మినీ ఫ్రిజ్, రైస్ కుక్కర్, పచ్చళ్ళు అన్నీ సర్దుతాం. తన వివరాలు మనకు చెప్పవచ్చని ఒక కాగితం, తను మాట్లాడలేని స్థితిలో ఉంటే వైద్య నిర్ణయాలు మనం తీసుకోవచ్చని ఇంకో కాగితం, ఈ రెండూ ఎవరూ సర్దరు. రెండో కాగితానికి సాక్షులా, నోటరీయా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలేజీ ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి ఫారం కూడా సంతకం చేయించి పెట్టుకోవడం మంచిది.

వెళ్ళాక డాక్టర్లు బాగానే చెప్పారు. గ్లాస్గో కోమా స్కేల్ అని ఒకటుంది. కళ్ళు తెరవడం, మాట, కదలిక, ఈ మూడిటికీ మార్కులు వేసి కూడతారు. అన్నిటికంటే తక్కువ 3, పూర్తి మార్కులు 15. మార్కులంటే మనకు వివరించి చెప్పక్కర్లేదు కదా. రెండో రోజుకే వాట్సాప్ గ్రూపులో "ఇవాళ ఎంత?" అని అడగడం మొదలైంది. ఎనిమిదని నేను రాస్తే, పదైపోతుందిలే వదినా అని టెక్సాస్ నుంచి ఒకావిడ. గోత్రం అడిగి గుళ్ళో అర్చనలు చేయించారు. డెట్రాయిట్ నుంచి ఎవరో కారేసుకుని వచ్చి, మా ఇద్దరికీ అన్నం డబ్బాలు ఇచ్చి, పిల్లను చూడకుండానే వెళ్ళిపోయారు. ఆ స్టూడెంట్లు వాళ్ళ అపార్ట్‌మెంట్ తాళం చెవి మా చేతిలో పెట్టి, మేం స్నానాలకు వెళితే వాళ్ళు వెయిటింగ్ రూమ్‌లో కూర్చునేవాళ్ళు.

డబ్బు విషయం కూడా వచ్చింది. గోఫండ్‌మీ పెడతామని ఎవరో అన్నారు. వద్దన్నాం. 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం వల్ల పిల్లలకు 26 ఏళ్ళు వచ్చేదాకా తల్లిదండ్రుల ఇన్సూరెన్స్‌లో ఉండవచ్చు. మావారి ఉద్యోగం పుణ్యమా అని మాకు అది ఉంది. అవసరం లేనిచోట చందా ఎత్తితే రేపు నిజంగా అవసరమైన, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లాడికి ఎత్తినప్పుడు చేతులు వెనక్కి వెళతాయి. వాళ్ళ పరిస్థితి వేరే. అమ్మానాన్నలు ఊళ్ళో ఉంటారు, వీసా ఎప్పుడొస్తుందో తెలియదు. ఇక్కడి తెలుగు సంఘం తానా వాళ్ళ టీమ్ స్క్వేర్ లాంటి, ఆపదలో ఆదుకునే బృందాలు ఉన్నది ముఖ్యంగా అలాంటి పిల్లల కోసం. మాకు తగిలిన చురక అంబులెన్సు బిల్లు. 2022 నుంచి అమల్లో ఉన్న నో సర్ప్రైజెస్ చట్టం హెలికాప్టర్ అంబులెన్సు వాళ్ళ అదనపు బిల్లుల నుంచి కాపాడుతుంది. రోడ్డు మీద వెళ్ళే మామూలు అంబులెన్సు దాని కిందికి రాదు. ఇందులో న్యాయమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తను కళ్ళు తెరిచింది. సినిమాల్లోలా "అమ్మా" అని కాదు, కోపంగా. రాంచో లాస్ అమిగోస్ అని కాలిఫోర్నియాలోని ఒక ఆస్పత్రి పేరు మీద ఇంకో స్కేల్ ఉంది. మెదడు దెబ్బ నుంచి మనిషి ఎలా తేరుకుంటాడో అది మెట్లు మెట్లుగా చెబుతుంది. నాలుగో మెట్టులో అయోమయం, చిరాకు, గొట్టాలు పీకేయడం. నన్ను తిట్టింది, తండ్రి చేయి రక్కింది. ఇది బాగుపడడంలో భాగమేనని నర్సులు చెబుతుంటే నమ్మడం తప్ప దారి లేదు.

మాట, జ్ఞాపకం ఒక దారిన పడ్డాక ఎవరో ప్రేమకొద్దీ తనకు గ్రూపు చూపించారు. ఎన్ని వందల మంది ప్రార్థించారో చూడు అని. మంచి ఉద్దేశమే. అందులో ఎవరో పెట్టిన ఫోటో కూడా ఉంది. గొట్టాలతో, సగం గొరిగిన తలతో, దుప్పటి సరిగ్గా లేకుండా.

"నా గురించి నాకంటే ముందు వీళ్ళందరికీ ఎలా తెలుసు?" అంది.

అలా తెలియబట్టే ఆ రాత్రి నలుగురు వచ్చి నీ దగ్గర కూర్చున్నారే అన్నాను.

"వాళ్ళు రావడం వేరు, ఈ ఫోటో వేరు. నీకు రెండూ ఒకటేనా?"

తలకు దెబ్బ తగిలిన పిల్ల ఆ మాట అంత స్పష్టంగా అనేసరికి డాక్టరును పిలిచి చూపించాలనిపించింది. అప్పటి నుంచి ఆ ప్రశ్న నాతోనే ఉంది. మనం కష్టాలన్నీ నలుగురితో చెప్పుకునే మనుషులమని, ఇక్కడి పిల్లలు అన్నీ దాచుకుంటారని అనుకుంటాం. అది నిజం కాదు. మనం క్యాన్సర్ దాస్తాం, విడాకులు దాస్తాం, డిప్రెషన్ అయితే చెప్పనే అక్కర్లేదు. యాక్సిడెంట్ మాత్రం ధైర్యంగా చెప్పుకోదగ్గ కష్టం. అందులో కుటుంబం పరువు పోయేది ఏమీ లేదు కాబట్టి.

ఆ వారమే తన రూమ్‌మేట్ ఒక షీట్ తయారుచేసింది. ఒక తెల్లమ్మాయి, మా పిల్లతో పాటు రోయింగ్ చేసేది. కాలేజీలో స్నేహాలు ఎంతవరకులే అనుకునేదాన్ని. ఆ అమ్మాయి క్లాసులయ్యాక రోజూ వచ్చింది. షీట్‌లో టైములు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు, ఒకసారికి ఇద్దరే. సెంటు పూసుకు రాకూడదు, లైటు వేయకూడదు, "నన్ను గుర్తుపట్టావా?" అని అడగకూడదు. తల దెబ్బలో మనిషిని అలసట ముంచేస్తుంది, వెలుతురు, చప్పుడు భరించలేరు. షీట్ కింద ఒక వాక్యం: ఇక్కడ చూసింది ఇక్కడే వదిలి వెళ్ళాలి.

మేం తనను న్యూజెర్సీలోని రీహాబ్ ఆస్పత్రికి మార్చాక ఆ షీట్ మనవాళ్ళ చేతికొచ్చింది. గొడవ కూడా మొదలైంది. "మేం చిన్నప్పటి నుంచి ఎత్తుకుని తిప్పిన పిల్లను చూడ్డానికి మాకు అపాయింట్‌మెంటా?" అన్నారు ఒకాయన. కొందరు అలిగి రాలేదు, ఇప్పటికీ ముభావంగానే ఉన్నారు. రీహాబ్‌లో రోజుకు మూడు గంటల థెరపీ, వారానికి ఐదు రోజులు. ఫిజికల్, ఆక్యుపేషనల్, స్పీచ్. స్పీచ్ థెరపీ అంటే మాట ఒక్కటే కాదు, జ్ఞాపకం, ఏకాగ్రత, ఒక పనిని వరుసలో చేయడం కూడా అందులోనే. అవన్నీ అయ్యేసరికి పిల్ల ఉడికించిన తోటకూర కాడలా ఉండేది. ఆ సమయంలో ఎనిమిది మంది మంచం చుట్టూ నిలబడి రియల్ ఎస్టేట్ మాట్లాడుకుంటుంటే ఎలా?

షీట్‌ను అందరికంటే బాగా వాడుకున్నది ఒక పెద్దాయన. కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చారు, రిటైరైన లెక్కల మాస్టారు, మా పిల్ల అంతకుముందు ఆయన్ని చూడనే లేదు. మంగళ, గురువారాలు నాలుగింటికి వచ్చేవారు. ఎలా ఉన్నావని కూడా అడిగేవారు కాదు. గవ్వలు తీసి, కాగితం మీద గళ్ళు గీసి, "నీ వంతమ్మా" అనేవారు. అష్టాచమ్మా. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టాలి, ఏ కాయ జరపాలో ఆలోచించాలి, అవతలివాళ్ళ కాయ ఎక్కడుందో గుర్తుంచుకోవాలి. మొదట్లో తను లెక్క తప్పితే మాస్టారు సరిదిద్దేవారు కాదు, ఆగేవారు. అలా ఆగడం మాకెవ్వరికీ చేతకాలేదు. స్పీచ్ థెరపిస్ట్ ఒకరోజు చూసి, ఆట నియమాలు రాయించుకుని వెళ్ళింది. ఇరవై నిమిషాలు కాగానే ఆట మధ్యలో ఉన్నా గవ్వలు సంచిలో వేసుకుని లేచేవారు. నలభై ఏళ్ళు బెల్లు కొడితే క్లాసు వదిలిన మనిషి కదా.

నేను ఎఫ్ఎంఎల్ఏ సెలవు పెట్టాను, ఇంట్లో జబ్బు పడ్డవాళ్ళను చూసుకోవడానికి చట్టం ఇచ్చే సెలవు అది. ఏడాదిలో పన్నెండు వారాలు, జీతం ఉండదు. పిల్లలకు పద్దెనిమిది దాటితే, వైకల్యం వల్ల తమ పనులు తాము చేసుకోలేని స్థితిలో ఉన్నారని డాక్టరు రాసిస్తేనే వర్తిస్తుంది. ఆ సెలవు అయిపోయే రోజుల్లో అసలు చర్చ మొదలైంది. కాలేజీకి తిరిగి ఎలా వెళ్ళాలి?

డిసేబిలిటీ ఆఫీసులో నమోదు చేసుకుంటానంది. 1973 నాటి సెక్షన్ 504, 1990 నాటి ఏడీఏ, వైకల్యం ఉన్నవాళ్ళ పట్ల వివక్ష కూడదనే ఈ రెండిటి కింద కాలేజీ తగిన సదుపాయాలు ఇవ్వాలి. పరీక్షకు ఎక్కువ సమయం, ప్రశాంతమైన గది, నోట్సు, తక్కువ కోర్సులు. నేను ఫోన్ చేస్తే వాళ్ళు మాట్లాడలేదు, తనే అడగాలన్నారు. ఈసారి నాకు అంత కోపం రాలేదు.

కోపం వచ్చింది మనవాళ్ళ మీద. ఐసీయూలో ఉన్నప్పుడు రోజుకో మార్కు అడిగినవాళ్ళే ఇప్పుడు గొంతు తగ్గించారు. "డిసేబిలిటీ అని రాయించకండి, రేపు సంబంధాలు చూసేటప్పుడు…" "తల దెబ్బ అనకండి, కాలు విరిగిందని చెప్పండి చాలు." ఒకావిడ ఇంటికొచ్చి మరీ చెప్పారు, నిజంగా మా మేలు కోరే మనిషే. ఆ నమోదు గోప్యంగా ఉంటుందని, ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనిపించదని చెప్పాను. ఆవిడ బెంగ ట్రాన్స్‌క్రిప్ట్ గురించి కాదు. మా అమ్మాయి పక్క గదిలోంచి విని వచ్చి, "ఆంటీ, నా ఫోటో మీరు నలుగురికీ పంపారు కదా, ఇది కూడా పంపండి. నాకు బ్రెయిన్ ఇంజరీ అయింది, ఎగ్జామ్‌కి టైమ్ అండ్ హాఫ్ కావాలి," అంది. నాకు నవ్వాలో ఆపాలో తెలియలేదు. ఆవిడకు కాఫీ కలిపి తెచ్చాను.

తను దాచుకోవాలనుకున్నది మనం ఊరంతా చెప్పాం, తను చెప్పుకోవాలనుకున్నది దాచమంటున్నాం. ఇంతమంది ప్రేమగలవాళ్ళ మధ్య ఇలా ఎలా జరుగుతుందో నాకు వింతగా ఉంటుంది. దీన్ని సంస్కృతి అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, మాస్టారూ అదే సంస్కృతిలోంచి వచ్చారు.

ఇప్పుడు రెండు కోర్సులతో మొదలుపెట్టింది. ఎఫ్-1 పిల్లలకు ఈ వెసులుబాటు కూడా అంత తేలిగ్గా దొరకదు. కోర్సులు తగ్గించుకోవాలంటే ముందే కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి, ఆరోగ్య కారణంతో అలా ఇచ్చేది ఒక డిగ్రీ మొత్తానికి కలిపి పన్నెండు నెలలే. ఈ సంగతి నాకు చెప్పింది మా అమ్మాయే, ఆమెకు చెప్పింది ఆ రాత్రి కజిన్ అయిన కుర్రాడు. వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి ఆదివారాలు బిర్యానీకి వెళుతోందట. యాస వెక్కిరింపులు ఇంకా నడుస్తున్నాయి, ఇప్పుడు ఎదురెదురుగా.

మొన్న ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు ఫోన్ చేశారు. ఉగాది వేడుకల్లో స్టేజి మీద శాలువా కప్పుతారట, స్ఫూర్తిదాయకంగా ఉంటుందట. "రెండు నిమిషాలేనమ్మా, మైకులో మాట్లాడక్కర్లేదు," అన్నారు కార్యదర్శి గారు. స్పీకర్ల చప్పుడుకు తలనొప్పి వస్తుందని, రానని తనే ఆయనతో చెప్పింది. పోనీ స్క్రీన్ మీద వేయడానికి ఒక ఫోటో పంపమన్నారు. అదీ కుదరదంది. మరి ఏం చేద్దామమ్మా అని ఆయన పాపం నిజంగానే అడిగారు. భోజనాల టైముకు వస్తానని, గుత్తి వంకాయ కూర ఉంటే ఒక ప్లేటు పక్కన పెట్టమని చెప్పింది.