విననైనా వినలేదు

పదకొండు దాటింది. నిద్ర పట్టట్లేదు, అందుకే లేచి రాస్తున్నాను. బాబాయి పాత కెమెరా ఫ్లాష్‌ని బాగు చేయించడానికి తీసుకెళ్తే ఆ షాపు కుర్రాడు అన్న మాట చెవిలోంచి పోవట్లేదు. "ఇది అయిపోయిందండీ మేడం, పడేయండి." స్విచ్ వేసి చూడలేదు. సెల్లులు ఉన్నాయో లేదో కూడా చూడలేదు. చేతిలో ఒకసారి అటూ ఇటూ తిప్పి కౌంటర్ మీద పెట్టేశాడు. తువ్వాల్లో చుట్టుకుని ఆ ఎండలో వైజాగ్ ఎమ్వీపీ కాలనీ నుంచి జగదాంబ దాకా తీసుకెళ్లాను. పోయిందో బతికుందో చెప్పమని కాదు. బతికే ఉందని నాకు తెలుసు.

బాబాయి పెళ్లిళ్లలో ఫోటోలు తీసేటప్పుడు వాడిన ఫ్లాష్ ఇది. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక ఏది తడిసిందో ఏది పొడిగా ఉందో చూడకుండా బీరువాలోకి నెట్టేసిన సామానులో ఇదీ ఉంది. మొన్న అత్తయ్యగారు పాత దుప్పట్ల కోసం వెతుకుతుంటే బయటపడింది. లోపల పెన్సిల్ సెల్లులు కారి తెల్లగా ఉప్పు పేరుకుపోయింది. ఆల్కలైన్ సెల్లు కారితే వచ్చేది క్షారం. దానికి నిమ్మరసమే మందు. దూదిని రసంలో ముంచి తుడిచి, బాగా ఆరనిచ్చి, రేకుల్ని గరుకు రబ్బరుతో రుద్దాను. ఈ ఊళ్లో సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, ఆ సన్నటి స్ప్రింగులెంత!

కొత్త సెల్లులు వేసి స్విచ్ నొక్కాను. ఛార్జి ఎక్కుతూ కుయ్‌మని సన్నటి కూత మొదలైంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, మా చంటిని లేపేద్దామనుకున్నాను. కానీ ఫ్లాష్ సిద్ధమైందని చెప్పే చిన్న దీపం వెలగడానికి చాలాసేపు పట్టింది. అది సహజమే. ఏళ్ల తరబడి వాడకపోతే, ఛార్జి నిలవ ఉంచే కెపాసిటర్ లోపలి ఆక్సైడ్ పొర పలచబడి ఛార్జి కారిపోతుంది. కాసేపు అలా వేసి ఉంచి, టెస్ట్ బటన్‌తో అప్పుడప్పుడూ వెలిగిస్తూ ఉంటే ఆ పొర మళ్లీ పట్టుకుంటుంది. సాయంత్రానికల్లా దీపం త్వరగా వెలగసాగింది. బటన్ నొక్కితే గదంతా తెల్లబడింది. అంటే వెలుగిచ్చే ట్యూబు బాగుంది, కెపాసిటర్ బాగుంది. కెమెరా నెత్తి మీద తగిలించి షట్టర్ వేగం 60 మీద, అంటే సెకనులో అరవయ్యో వంతు మీద పెట్టి నొక్కినా వెలిగింది. ఫ్లాష్‌ని విడిగా పట్టుకుని కెమెరాకి తీగతో కలిపితే మాత్రం వెలగదు. లోపం తీగలో ఉంది.

ఇదంతా నేను ఆ కుర్రాడికి చెప్పాను. "తీగ ఒక్కటి చూడు బాబూ, అతికితే చాలు" అన్నాను. వింటూనే పక్కవాళ్లకి మెమరీ కార్డు చూపించాడు.

ఇంటికొస్తే మావారు స్క్రూడ్రైవర్ పట్టుకుని తయారు. "విప్పి చూద్దామా?" సెల్లులు తీసేసినా లోపల కెపాసిటర్‌లో మూడొందల వోల్టుల దాకా నిలవ ఉంటుందని, చెయ్యి తగిలితే ప్రాణం మీదకొస్తుందని ఎన్నిసార్లు చెప్పాలి? ఒకరు అసలు తెరవరు, ఇంకొకరు అన్నీ తెరుస్తామంటారు.

బాబాయి ఏ ఫ్లాష్‌నీ ముందు కంటితో చూసేవాడు కాదు. చెవి పెట్టేవాడు. పెళ్లిళ్లకి నన్ను వెంట తీసుకెళ్లేది అందుకే. కెమెరా ఆయన దగ్గర, ఫ్లాష్ నా చేతిలో, మధ్యలో ఈ తీగ. "ఏటే గుంటా, లైటెత్తు" అనేవాడు. పందిట్లో తెల్లగుడ్డ కట్టిన చోట ఫ్లాష్ తల పైకి తిప్పమనేవాడు, వెలుగు గుడ్డకి తగిలి మెత్తగా కిందికి దిగేది. భీమిలిలో చిన్నత్త పెళ్లి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. అప్పటికి సెల్లులు నీరసించిపోయాయి, కూత సాగుతూనే ఉంది, దీపం వెలగట్లేదు. పురోహితుడు జీలకర్రాబెల్లం పెట్టించేస్తున్నారు. సన్నాయి హోరెత్తింది. పెద్దలందరూ "తీయవేటయ్యా!" అని కేకలు. బాబాయి కెమెరా కంటి దగ్గరే ఉంది, వేలు కదల్లేదు. ఆ హోరులో తనకి కూత వినపడదు, నేను చెవికి ఆనించుకుని వింటున్నాను. కూత సన్నగా పైకి ఎక్కి ఎక్కి నిలబడింది, దీపం వెలిగింది. నేను తల ఊపాను, ఆయన నొక్కాడు. ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి ఉండగా పడిన ఫోటో అది, చిన్నత్త ఆల్బంలో మొదటి పేజీ. రెండోది తీసే వీలే లేదు, మళ్లీ దీపం వెలిగేసరికి తెర కూడా తీసేశారు.

ఇప్పుడు పెళ్లిళ్లలో వీడియో వాళ్లు "ఇంకోసారి పెట్టండి" అని పురోహితుణ్ణి ఆపి మళ్లీ పెట్టిస్తున్నారు. ముహూర్తమంటే ఏమిటి మరి? నాకు ఒళ్లు మండిపోతుంది.

బాబాయికి ఆ కూత ఇప్పుడు వినపడదు. వయసు మీదపడితే సన్నటి శబ్దాలే ముందు పోతాయట.

ఇంత రాశాక ఒక సంగతి గుర్తొచ్చింది, రాయకపోతే అన్యాయం. నేను బయటికి వచ్చేస్తుంటే ఆ కుర్రాడు వెనక నుంచి అన్నాడు, "డిజిటల్ కెమెరాకి మాత్రం తగిలించకండి మేడం." కోపంలో వెనక్కి తిరగలేదు. రాత్రి మల్టీమీటర్ తీసి కెమెరా నెత్తికి తగిలే ఫ్లాష్ పాదం దగ్గర కొలిచాను. రెండొందల వోల్టులు దాటింది. పాత జపాన్ ఫ్లాషులు, వివిటార్ 283 లాంటివి, చాలావాటికి ఇదే తీరు. పెంటాక్స్ కె1000 లాంటి పాత ఫిల్మ్ కెమెరాలో ఉండేది లోహపు స్విచ్చు, తట్టుకుంటుంది. డిజిటల్ కెమెరాల్లో కొన్ని ఆరు వోల్టులు దాటితే ఓర్చుకోవు. చంటి తన కెమెరాకి పెట్టుకుంటానని మొన్నట్నుంచీ నా వెనకే తిరుగుతోంది. నేనూ సరేననే అనుకున్నాను.

అంటే వాడికి తెలుసు. పని తెలిసినవాడే. పైన వాడి గురించి రాసింది చెరిపేద్దామా అనుకున్నాను. వాడి కౌంటర్ మీదున్న ఫ్లాషులకి తీగలే ఉండవు, అన్నీ రేడియోతో వెలుగుతాయి. ఇలాంటి తీగని ఎవరైనా వాడి చేతికిచ్చి నేర్పారా? బహుశా లేదు. కానీ చెరపను. ఇంత తెలిసినవాడు ఒక్క నిమిషం స్విచ్ వేసి ఉంటే ఆ కూత వినేవాడు, విన్నాక పడేయమనే మాట వాడి నోట వచ్చేది కాదు. తెలియనివాడి మీద నాకు ఇంత కోపం ఉండేది కాదు.

తీగని కూడా మల్టీమీటర్‌తో చూశాను. కెమెరాకి గుచ్చే కొన మెడ దగ్గర వంచితే కరెంటు వెళ్తోందని బీప్ అంటుంది, వదిలితే ఆగిపోతుంది. లోపల రాగి పోగులు అక్కడే తెగాయి. ఆ కొన చుట్టూ ఉండే రింగు కూడా వదులైంది, పటకారుతో కాస్త నొక్కాలి. పొద్దున్నే బాబాయికి ఫోన్ చేయాలి. పిన్ని ఎత్తితే మంచిది, పెద్దగా అరవక్కర్లేదు. వాళ్ల రేకు పెట్టెలో ఇలాంటిదే ఇంకో తీగ ఉండాలి. లేకపోతే దీన్నే మెడ దగ్గర కోసి నేనే టంకం వేసుకుంటాను.