కెమెరాకి నా ఫైళ్లతో ఏం పని?

రౌటర్ సెట్టింగుల్లో "కనెక్టెడ్ డివైసెస్" అని ఒక జాబితా ఉంటుంది. ఎప్పుడూ తెరవని వాళ్లు ఒకసారి తెరిచి చూడండి. మా ఇంటి జాబితాలో నా లాప్‌టాప్, దాని కిందే సీసీ కెమెరాల రికార్డర్, టీవీ, స్మార్ట్ ప్లగ్గులు, అబ్బాయి గేమ్ కన్సోల్, అత్తయ్యగారి టాబ్లెట్, చివర్న నా నాస్ పెట్టె (ఫైళ్లన్నీ దాచి నెట్‌వర్క్ మీద అందించే హార్డ్ డిస్కుల పెట్టె). అన్నిటి అడ్రసులూ 192.168.1తోనే మొదలు. నాది అకౌంట్స్ పని. క్లయింట్ల లెక్కలన్నీ ఆ నాస్‌లోనే ఉంటాయి. కొన్నప్పటినుంచి ఒక్క అప్‌డేట్ కూడా రాని కెమెరా రికార్డర్‌కి ఆ లెక్కలు చేతికందేంత దగ్గరలో ఎందుకుండాలి అన్నదే నా గొడవంతా.

ఒకే సబ్‌నెట్‌లో, అంటే ఒకే అడ్రసుల గుంపులో, ఉండటం అంటే ఏమిటో చాలామంది పట్టించుకోరు. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని ఉందనుకోండి, అడ్రసులో మొదటి మూడు భాగాలూ కలిస్తే చాలు, ఆ రెండు వస్తువులూ నేరుగా మాట్లాడేసుకుంటాయి. మధ్యలో అనుమతి అడిగే పని లేదు. రౌటర్లో ఎంత గట్టి ఫైర్‌వాల్ ఉన్నా అది చూసేది ఇంటికీ బయటికీ మధ్య ట్రాఫిక్‌నే. ఇంట్లోని రికార్డర్ ఇంట్లోని నాస్ తలుపు తడితే దానికి సంబంధం లేదు. రికార్డర్లోకి ఎవరు దూరతారులే అనుకుంటారేమో, 2016లో మిరాయ్ అనే మాల్వేర్ సరిగ్గా ఇలాంటి కెమెరాల్లోకీ రికార్డర్లలోకీ రౌటర్లలోకీ దూరింది. దానికి పెద్ద తెలివేం అక్కర్లేకపోయింది, కంపెనీ పెట్టిచ్చిన పాస్‌వర్డులే వరసగా కొట్టి చూసింది. ఆ ఏడాది అక్టోబర్ 21న అవన్నీ కలిసి డిన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిచ్చే సేవ) కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు.

ముందే ఒక మాట. మీ ఇంట్లో అన్నీ వైఫై వస్తువులే అయితే, మీ రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే, స్మార్ట్ వస్తువుల్ని అందులోకి తోసేసి హాయిగా పడుకోండి. ఇంత యాతన అక్కర్లేదు. నా రికార్డర్ది వైర్ కనెక్షన్. మా రౌటర్లో గెస్ట్ అనేది వైఫైకే ఉంది, వెనకాల ఉన్న పోర్టులకి లేదు. వీలాన్‌లు (ఒకే వైరింగులో విడివిడి నెట్‌వర్కులు) చేసుకోవచ్చు గానీ దానికి మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగల స్విచ్), దాన్ని అర్థం చేసుకునే రౌటర్ కావాలి. పాత రౌటర్లు మాత్రం బీరువాలో ఊరికే పడున్నాయి.

మావారు ఎక్కడో చదివొచ్చి, "కెమెరాల్ని రెండో రౌటర్ వెనక పడేస్తే సరిపోదూ?" అన్నారు. ఈ సలహా చాలాచోట్ల కనిపిస్తుంది, వినడానికీ బాగుంటుంది. కానీ అది తిరగబడిన సలహా. మాటలతో ఒప్పించేకంటే చూపించడం సులువని, పాత రౌటర్ వాన్ పోర్టుని (బయటి నెట్ వచ్చేది) మెయిన్ రౌటర్ లాన్ పోర్టుకి (ఇంటి వస్తువులకిచ్చేది) కలిపి, నా లాప్‌టాప్‌ని ఆ పాత రౌటర్‌కి తగిలించాను. లాప్‌టాప్‌కి 192.168.30.5 వచ్చింది. నాస్ మాత్రం ఇంకా మెయిన్ రౌటర్ మీదే, 192.168.1.40 దగ్గర ఉంది. సబ్‌నెట్లు వేరు. బ్రౌజర్లో నాస్ అడ్రస్ కొట్టాను. లాగిన్ పేజీ టక్కున వచ్చేసింది. "ఇప్పుడు ఈ లాప్‌టాప్ స్థానంలో రికార్డర్ ఉందనుకోండి" అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

జరిగేది ఇదీ. వెనక రౌటర్‌కి దాని ముందున్నదంతా ఇంటర్నెట్టే. మెయిన్ రౌటర్ మీదున్న నాస్ కూడా దాని లెక్కలో ఇంటర్నెట్టే. లోపలివాళ్లు అడిగితే బయటికి పంపుతుంది, వచ్చిన జవాబుని లోపలికి రానిస్తుంది. బయటివాళ్లు తమంతట తాముగా వస్తే మాత్రం పట్టించుకోదు. అంటే రెండు రౌటర్లే ఉన్నప్పుడు వెనక ఉండాల్సింది మనం దాచుకోవాల్సినవి, ముందు ఉండాల్సింది నమ్మకం లేనివి. అంకెలు వేరైనంత మాత్రాన గోడ కట్టినట్టు కాదు. వెనక రౌటర్లో నాట్ (లోపలి అడ్రసులన్నిటినీ బయటికి ఒకే అడ్రసుగా చూపించే పని) ఆపేసి మెయిన్ రౌటర్లో ఒక స్టాటిక్ రూట్ (ఫలానా సబ్‌నెట్‌కి దారి ఇటు అని మనం రాసిపెట్టేది) రాశారనుకోండి, సబ్‌నెట్లు రెండూ రెండుగానే ఉంటాయి, రాకపోకలు మాత్రం అటూ ఇటూ శుభ్రంగా సాగుతాయి. అడ్డం పడేది ఫైర్‌వాల్. అందుకే కేబుల్ ముట్టుకునే ముందు కాగితం మీద బాణాలు గీసుకోమంటాను: ఎవరు ఎవరితో మాట మొదలుపెట్టొచ్చు, ఎవరు కూడదు. ఎన్ని సబ్‌నెట్లు కావాలన్నది ఆ బాణాలే చెబుతాయి.

సరే, తిప్పి పెట్టాం అనుకుందాం: కెమెరాలు ముందు, నేను వెనక. చాలామందికి ఇది చాలు. నాకు ఎందుకు చాలలేదంటే, నా ట్రాఫిక్ అంతా కెమెరాలున్న నెట్‌వర్క్ గుండానే బయటికి పోతుంది. ఒక లోకల్ నెట్‌వర్క్‌లో "192.168.1.1 ఎవరు?" అని అడిగితే "నేనే" అని ఎవరైనా చెప్పొచ్చు. ఏఆర్‌పీ అనే ప్రోటోకాల్ రుజువు అడగదు. చెడిపోయిన రికార్డర్ ఒకటి అలా అబద్ధం చెబితే నా ప్యాకెట్లు ముందు దాని చేతిలో పడి, తర్వాత బయటికి వెళతాయి. హెచ్‌టీటీపీఎస్ వల్ల లోపలి విషయం చదవలేకపోవచ్చు. అయినా నేను ఏయే సైట్ల పేర్లు అడుగుతున్నానో మామూలు డీఎన్ఎస్‌లో దాచిపెట్టేదేమీ ఉండదు. సొంత లెక్కలైతే ఏమో గానీ, క్లయింట్ల లెక్కలు పెట్టుకుని ఆ మాత్రం కూడా నాకు ఇష్టం లేదు.

దీనికి మందు మూడు రౌటర్లు. ముందు ఒకటి, దాని వెనక పక్కపక్కన రెండు. ముందున్న దాని మీద ఆ రెండు రౌటర్లు తప్ప ఇంకేదీ ఉండకూడదు. దాని వైఫై కూడా ఆపేశాను. ఒక కొమ్మలో నేనూ, నాసూ, ప్రింటరూ, రెండో కొమ్మలో రికార్డర్, టీవీ, ప్లగ్గులు, కన్సోల్, వచ్చేపోయేవాళ్ల ఫోన్లు. ఏ కొమ్మకీ ఇంకో కొమ్మలోకి తొంగి చూసే వీల్లేదు.

అడ్రసుల దగ్గర ఒక్క జాగ్రత్త చాలు. చాలా రౌటర్లు పెట్టెలోంచి తీసేటప్పటికే 192.168.1 లేదా 192.168.0తో వస్తాయి. వాన్ వైపూ లాన్ వైపూ ఒకే సబ్‌నెట్ ఉంటే ప్యాకెట్‌ని ఎటు పంపాలో రౌటర్‌కి తెలియదు. కొన్ని తామే మార్చుకుంటాయి, కొన్ని నెట్ లేదని ఎర్రలైటు వేసుకుని కూర్చుంటాయి. నేను ముందు రౌటర్‌కి 192.168.10.1, నా కొమ్మకి 192.168.20.1, కెమెరాల కొమ్మకి 192.168.30.1 ఇచ్చాను. ముందు రౌటర్లో డీహెచ్‌సీపీ (వస్తువులకి అడ్రసులు పంచే ఏర్పాటు) రిజర్వేషన్ పెట్టి, నా రౌటర్ వాన్ అడ్రస్ 10.2, కెమెరాలది 10.3 అని ఖాయం చేశాను. క్లయింట్ ఆఫీసు వీపీఎన్‌లో కూడా 192.168.1 వాడతారు కాబట్టి ఆ అంకె ఇంట్లోంచే పోవడం నాకు కలిసొచ్చింది. కేబుల్ కచ్చితంగా వాన్ పోర్టులోకే వెళ్లాలి. పక్కనున్న లాన్ పోర్టులో గుచ్చితే రెండు నెట్‌వర్కులూ కలిసిపోయి, రెండు డీహెచ్‌సీపీలు పోటీ పడి, ఇంట్లో ఎవరికి ఏ అడ్రస్ వస్తుందో వాళ్ల అదృష్టం. మూడు రౌటర్లలోనూ యూపీఎన్‌పీ (వస్తువులు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే సౌకర్యం), వాన్ వైపు నుంచి అడ్మిన్ పేజీ తెరుచుకునే సెట్టింగూ ఆపేశాను. రెండు కొమ్మల నుంచీ ముందు రౌటర్ అడ్మిన్ పేజీ కనిపిస్తూనే ఉంటుంది, దానికి పొడవాటి పాస్‌వర్డ్ తప్పదు.

పాత రౌటర్ వాన్ పోర్టు స్పీడ్ ముందే చూసుకోండి. 100 ఎంబీపీఎస్ పోర్టయితే మీ కనెక్షన్ ఎంత వేగందైనా అక్కడ వందకి లోపే ఆగిపోతుంది. నా దగ్గరున్న అలాంటి రౌటర్ కెమెరాల కొమ్మకి పోయింది.

రికార్డర్ని నా లాప్‌టాప్ నుంచి చూడాలి కదా. దానికి కెమెరాల రౌటర్లో ఒకే ఒక్క పోర్ట్ ఫార్వర్డ్ (బయటినుంచి వచ్చినదాన్ని లోపలి ఫలానా వస్తువుకి చేర్చమనే నియమం) రాశాను. ఇప్పుడు నేను 192.168.10.3 తెరిస్తే రికార్డర్ పేజీ వస్తుంది. ముందు రౌటర్లో ఏ ఫార్వర్డూ లేదు కాబట్టి ఆ కిటికీ ఇంటి లోపలికే గానీ ఇంటర్నెట్‌కి తెరుచుకోలేదు. సరిచూసుకోవడానికి పింగ్‌ని ("ఉన్నావా" అని అడిగి జవాబు కోసం చూసే కమాండ్) మాత్రం నమ్మకండి. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగానే పింగ్‌కి జవాబివ్వకపోవచ్చు, దాన్ని చూసి గోడ బాగుందనుకుంటాం. లాప్‌టాప్‌ని కెమెరాల కొమ్మలో పెట్టి నాస్ పేజీ తెరిచి చూడాలి. నాకు తెల్లపేజీ తిరిగి తిరిగి టైమౌట్ అయింది. అంత సంతోషంగా ఎర్రర్ పేజీని ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. మొదటిది అత్తయ్యగారిది: "టాబ్లెట్‌లో పాటలు టీవీకి పోవట్లేదమ్మాయ్." టాబ్లెట్ నా వైఫైలో ఉంది, టీవీ ఆ వైపు. ఇలాంటివి ఒకదాన్నొకటి వెతుక్కునేది 224.0.0.251 అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కి "ఎవరైనా ఉన్నారా" అని కేకేసి. ఆ కేక రౌటర్ దాటదు. ఆవిడకి నాస్‌తో పనిలేదు, టీవీతో ఉంది. టాబ్లెట్‌ని ఆ వైపు వైఫైకి మార్చేశాను, అయిపోయింది. నేను టీవీకి ఏదైనా పంపాలంటే ఫోన్లో వైఫై మార్చుకుంటాను. చిరాకే, కానీ భరించగలిగే చిరాకు.

రెండోది మా అబ్బాయిది. కన్సోల్లో "డబుల్ నాట్" అని హెచ్చరిక వస్తోందని, అదంతా నా రౌటర్ల వల్లేనని వాడి వాదన. పక్కన కూర్చోబెట్టుకుని ట్రేస్‌రూట్ (మన ట్రాఫిక్ ఏయే రౌటర్లు దాటుతుందో వరసగా చూపించే కమాండ్) కొట్టించాను. మొదటి లైను 192.168.30.1, రెండోది 192.168.10.1, రెండూ మనవే. మూడోది 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసుల్ని 2012లో ప్రత్యేకంగా పక్కన పెట్టింది కనెక్షన్ ఇచ్చే కంపెనీలు తమ దగ్గరే నాట్ చేసుకోవడానికి. అంటే నేను చెయ్యి పెట్టకముందే మాది డబుల్ నాట్. ఇప్పుడు ట్రిపుల్. మన రౌటర్లలో ఎన్ని పోర్టులు తెరిచినా పైనున్న నాట్ మన చేతిలో లేదు. కనెక్షన్ వాళ్లకి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ అడిగితే, లైన్లో ఉంచి ఉంచి, రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు.

మిగిలింది ఐపీవీ6. ఇప్పటిదాకా చెప్పిన అడ్రసులు ఐపీవీ4వి, ఇది దాని తర్వాత వచ్చిన పొడవాటి అడ్రసుల పద్ధతి. అందులో నాట్ అవసరం లేదు, కన్సోల్‌కి మంచిదే. కానీ ఇంత కష్టపడి కట్టిన గోడలకి అక్కడే కన్నం పడుతుంది. ముందు రౌటర్ వెనక రౌటర్లకి వేరువేరు ప్రిఫిక్సులు (అడ్రసుల మొదటి భాగాలు) పంచాలి. చాలా ఇంటి రౌటర్లు పంచవు. బదులుగా వెనక రౌటర్లో "పాస్‌త్రూ" అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఐపీవీ6 వరకు రౌటర్ పని మానేసి ట్రాఫిక్‌ని అలాగే వదిలేస్తుంది. రెండు కొమ్మల్లోనూ అది ఆన్‌లో ఉంటే, ఐపీవీ4లో విడిపోయిన నాస్, రికార్డర్ ఐపీవీ6లో మళ్లీ ఒకే చోట ఉంటాయి. కనిపెట్టడం సులువే: ఒక్కో కొమ్మలోంచి ఒక్కో ఫోన్ తీసుకుని, రెండుతో మొదలయ్యే ఐపీవీ6 అడ్రసులు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి నాలుగు భాగాలూ ఒకటే అయితే గోడ లేనట్టే.

నా కొమ్మలో ఐపీవీ6 పూర్తిగా ఆపేశాను. ముందు రౌటర్లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉందని చూసుకుని, కన్సోల్ ఉన్న కొమ్మలో మాత్రం పాస్‌త్రూ ఇచ్చాను. కన్సోల్లో హెచ్చరిక ఇంకా అలాగే ఉంది, ఆటలు మాత్రం నడుస్తున్నాయి. వాడు నా దగ్గరికి రావడం మానేశాడు.