నిట్టనిలువు అడవిదారి: ఈసారి ఆయాసంతో ఆగకుండా పైదాకా

ఈసారి వ్యూపాయింట్ దాకా ఒకే నడకలో ఎక్కగలిగాను. నీళ్లు తాగడానికీ, దారి సరిచూసుకోవడానికీ ఆగడమే తప్ప ఊపిరి అందక కూర్చోవడం ఎక్కడా జరగలేదు. చాలాకాలంగా ఇదే నా లక్ష్యం. ఏం మార్చితే ఇది కుదిరిందో మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

ముందు దారి లెక్క. పైకి 4 కిలోమీటర్ల నడక, 600 మీటర్ల ఎత్తు. సగటున 100 మీటర్లు నడిస్తే 15 మీటర్లు పైకి వెళ్తాం. అయితే ఆ సగటును నమ్ముకోకూడదు. మ్యాప్‌లో మూడో కిలోమీటరు దగ్గర కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) దాదాపు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి, అంటే అక్కడ దారి బాగా నిటారు. కాళ్లలో సత్తువ అక్కడి కోసం దాచుకోవాలి. టైమ్ అంచనాకు నేను వాడేది నైస్మిత్ లెక్క. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇది: 5 కిలోమీటర్లకు ఒక గంట, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. ఈ దారికి గంటా 48 నిమిషాలు వస్తుంది. అందులో విశ్రాంతి ఉండదు, వేర్లూ బురదా లెక్కలోకి రావు. అందుకే పావు వంతు కలిపి రెండుంపావు గంటలు అనుకున్నాం. అటూ ఇటుగా అంతే పట్టింది.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మొదటి అరగంట వేగం. ఒళ్లు వేడెక్కకముందే గబగబా ఎక్కేస్తే ఆ ఆయాసం చివరిదాకా వదలదు. నాకున్న కొలత ఒకటే, పక్కనున్న ఫ్రెండ్‌తో ఒక పూర్తి వాక్యం మధ్యలో తెగకుండా మాట్లాడగలగాలి. తెగిందంటే అడుగు చిన్నది చేస్తాను, కానీ ఆగను. వేగం తగ్గించాక మొత్తం టైమ్ కూడా తగ్గింది, ఎందుకంటే మధ్యలో కూర్చునే టైమ్ పోయింది.

మూడో కిలోమీటరులో అడుగు వేసే పద్ధతే మార్చాను. వెనక కాలు మోకాలు దగ్గర పూర్తిగా నిటారుగా చేసి, బరువంతా ఆ మడమ మీద పెడతాను. ముందు కాలు పైమెట్టు మీద ఊరికే ఆనించి ఉంచుతాను, దాని మీద బరువేమీ ఉండదు. ఒక శ్వాస వదిలేంతసేపు అలా నిలబడతాను. ఆ క్షణంలో బరువును మోసేది ఎముక, కాబట్టి తొడ కండరానికి కాస్త తెరిపి దొరుకుతుంది. తర్వాత బరువు ముందుకు మార్చి ఇంకో అడుగు. చూసేవాళ్లకు నత్తనడకలా ఉంటుంది గానీ గుండె దడ అదుపులో ఉంటుంది. తడిసి నున్నగా మెరిసే వేర్ల మీద మాత్రం కాలు పెట్టకుండా దాటేయడమే మంచిది. బండ కంటే అవే ఎక్కువ జారతాయి.

పైన చెట్లు ఒక్కసారిగా అయిపోతాయి. అక్కడి నుంచి బోడి బండ, ఎదురుగా లోయ, విసురుగా గాలి. చెమటకు తడిసిన చొక్కాతో ఆ గాలిలోకి వెళ్తే నిమిషాల్లో చలి పట్టుకుంటుంది. అందుకని చివరి చెట్ల చాటునే జాకెట్ వేసుకుంటాను. గాలి వేగం రెట్టింపైతే మనల్ని నెట్టే బలం నాలుగింతలవుతుంది, వీపు మీద బ్యాగ్ ఉంటే గాలికి ఇంకా ఎక్కువ దొరుకుతాం. అంచుకు బాగా ఇవతలే కూర్చుని చూస్తాను. ఫోటో తీసేటప్పుడు ఒక్క అడుగు కూడా వేయను. కిందటిసారి చెట్లలో ఉండగానే ఉరుము వినిపించింది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లకూ సుమారు ఒక కిలోమీటరు దూరం. అయినా ఆ లెక్కలు వేస్తూ కూర్చోలేదు, బండ మీదికి వెళ్లకుండానే దిగిపోయాం. ఉరుము వినపడిందంటే పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. అంతదాకా వెళ్లి లోయ చూడకుండా రావడం బాధే, కానీ మళ్లీ అలాగే చేస్తాను.

దిగడంలో కూడా తేడా బాగా తెలిసింది. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి, మర్నాడూ ఆ మర్నాడూ నొప్పి పుట్టించేది ఈ పనే. దీనికోసం ఇంట్లో మెట్టు మీద నిలబడి, ఒక కాలిని మూడు సెకన్లు తీసుకుంటూ మెల్లగా కిందికి దించడం అలవాటు చేసుకున్నాను. ఒక్కో కాలికి పదేసి, మూడు విడతలు, వారానికి రెండుసార్లు. ఈసారి చివరి కిలోమీటరులో మోకాళ్లు వణకలేదు. పట్టుకుని నడిచే స్టిక్‌లను దిగేముందు 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచాను. షూ లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టాను, లేకపోతే పాదం ముందుకు జారి వేళ్లు షూకి కొట్టుకుంటాయి. గోళ్లు ముందురోజే కత్తిరించుకోవాలి.

ఇక మిగిలింది బ్యాగ్ బరువు. వచ్చేసారి ఇదే దారి, ఇదే వేగం, రెండు లీటర్ల నీళ్లు అదనంగా మోస్తూ. మూడో కిలోమీటరులో మాట తెగకుండా ఉంటేనే ఇంకా పొడవైన దారికి వెళ్తాం.