నటనకు తోడుగా ఎటువంటి ఉద్యోగం?

నటులు కావాలని హైదరాబాద్ వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకున్న యువకులు, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బు తరిగిపోతున్నప్పుడు, ఎక్కువగా సినిమాకు దగ్గరగా ఉండే పనుల్లోనే చేరుతుంటారు. దర్శకత్వ శాఖలో సహాయకులుగానో, కాస్టింగ్ చూసేవారి దగ్గరో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వేషం దొరకకపోదని వారి ఆశ. ఆ ఆశను నేను తక్కువ చేయను. అయినా, బతుకుతెరువు కోసం ఎంచుకునే రెండో వృత్తి సినిమా రంగానికి బయటే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

2020 మార్చిలో కరోనా వల్ల షూటింగులు ఆగిపోయాయి. 2022 ఆగస్టులో నిర్మాతలే చిత్రీకరణలు నిలిపివేశారు. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ సినీ కార్మికులు సమ్మె చేసినప్పుడు మళ్లీ ఆగాయి. కారణాలు వేరైనా, వేషాలతో పాటు సినిమాలోనే మరో పని చేసుకుంటున్న వ్యక్తికి రెండు ఆదాయాలూ ఒకే రోజున నిలిచిపోయాయి; గది అద్దె మాత్రం నెల తిరిగేసరికి కట్టవలసే వచ్చింది. పైగా సహాయ దర్శకుడిగా ఒక సెట్లో ఉన్నవారు మరొక సినిమా ఆడిషన్‌కు వెళ్లాలంటే మధ్యలో వదిలి రావడం దాదాపు అసాధ్యం.

పాతతరం వారిలో నందమూరి తారక రామారావు సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగాన్ని కొద్ది వారాలకే వదిలేశారన్న సంగతిని అందరూ ఉత్సాహంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం బ్యాంకులో పనిచేస్తూ నాటకాలాడిన కోట శ్రీనివాసరావు, అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందం, లెక్కల మాస్టారుగా పనిచేసిన జయప్రకాష్ రెడ్డి ఎక్కువగా గుర్తుకొస్తారు. అయితే వారి దారిని ఉన్నదున్నట్టు అనుసరించడం ఇప్పుడు కష్టం. నాటకం రిహార్సల్ సాయంత్రం ఆఫీసు వదిలాక జరిగేది; నేటి ఆడిషన్ పగటిపూట, అదీ ముందు రోజు రాత్రి వచ్చే ఫోన్‌తో నిర్ణయమవుతుంది. ప్రభుత్వ ఉద్యోగమైతే బయట పారితోషికం తీసుకోవడానికి పై అధికారుల అనుమతి కూడా కావాలి.

అందువల్ల ఉద్యోగాన్ని ఎంచుకునేటప్పుడు జీతం కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ పని గంటలకు కట్టుబడి ఉంటుందా, తేదీలకు కట్టుబడి ఉంటుందా? నేను చిన్న దుకాణాలకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తాను. నెలనెలా రిటర్నులు వేసే దుకాణాలకు 11వ తేదీ, 20వ తేదీ తప్పనిసరి గడువులు. వాటిలోగా బిల్లులను ఏ రాత్రి నమోదు చేసినా అడిగేవారు లేరు. గడువు దగ్గరపడిన రోజున షూటింగ్ పడుతుందేమోనన్న భయం ఉంటుంది కనుక పనిని రెండు మూడు రోజుల ముందే ముగించడం అలవాటు చేసుకున్నాను. అనువాదం, ఆన్‌లైన్ ట్యూషన్లు, వెబ్‌సైట్ల తయారీ వంటివి కూడా ఈ కోవలోకే వస్తాయి. నేర్చుకోవడానికి కొంతకాలం పడుతుంది కాబట్టి డిగ్రీలో ఉన్నప్పుడే మొదలుపెట్టడం మంచిది.

శరీరం సంగతి కూడా చూసుకోవాలి. రాత్రంతా కాల్ సెంటర్లో మాట్లాడిన గొంతుతో ఉదయం డైలాగ్ చెప్పడం ఎంత కష్టమో, నిద్రలేని కళ్లు క్లోజప్‌లో ఎలా కనిపిస్తాయో చేసినవారికి తెలుసు. కంటిన్యుటీ కోసం, అంటే సన్నివేశాల మధ్య రూపం మారకుండా ఉండేందుకు, నెలల తరబడి గడ్డం తీయకూడని పాత్ర వస్తే, రోజూ నున్నగా గీసుకుని రమ్మనే ఉద్యోగం దానికి అడ్డవుతుంది. ఇటువంటి విషయాలు చేరకముందే యజమానితో మాట్లాడుకోవాలి. నటిస్తున్న సంగతి దాచిపెట్టి చేరితే మొదటి షూటింగ్ రోజునే చిక్కు వస్తుంది.

డబ్బింగ్ చెప్పడాన్ని, ఆకాశవాణి నాటకాలను నేను రెండో వృత్తిగా లెక్కించను. అవి నటనలో భాగాలే, అవకాశం వస్తే వదులుకోకూడనివి, కానీ నెల ఖర్చు వాటి మీద పెట్టుకోలేము. చిన్న వేషాల పారితోషికం కూడా అంతే. పని పూర్తయిన చాలా కాలానికి చేతికొచ్చే సందర్భాలు మామూలే కనుక, ఆ డబ్బు ఖాతాలో పడేవరకు దాన్ని ఇంటి లెక్కలోకి తీసుకోను. వచ్చాక దాన్ని వేరే ఖాతాలో ఉంచి, కొత్త ఫోటోలకూ వర్క్‌షాపుల ఫీజులకూ మాత్రమే వాడుతున్నాను.