"అంకుల్, బాణం తీయమంటారా?"

నిన్న సాయంత్రం పన్నెండు బాణాలూ వీపు మీది అమ్ములపొదిలోంచి వెనక్కి తిరిగి చూడకుండా ఒకదాని తరవాత ఒకటి తీసి వేశాను. ఆ సంబరం చల్లారకముందే రాసేస్తున్నా. ఇక్కడిదాకా రావడానికి రెండు పొదులు, ఒక అట్ట గొట్టం, బోలెడంత పరువు ఖర్చయ్యాయి మరి.

విల్లు ఎంచుకోవడం, బాణాలు సరైన పొడవుకి కోయించుకోవడం కష్టం కాలేదు. నేర్పే ఆయన చెప్పారు, నేను విన్నాను. పొది దగ్గరికి వచ్చేసరికి, "ముందు నడుముకి కట్టుకునేది తీసుకోండి, చవకా, సుఖమూ" అన్నారు. ఆయన మాట విననిది ఆ ఒక్కసారే. చిన్నప్పటి నుంచి చూసిన రాముడి బొమ్మలన్నిటిలో అమ్ములపొది వీపునే ఉంది. చేతిలో లాంగ్‌బో అనే పాతకాలపు పొడవాటి విల్లు, నడుముకి వేలాడే సంచీ! నాకు మనసొప్పలేదు.

ఆన్‌లైన్‌లో వెతికాను. అన్నిటికన్నా చవకైనదీ, ఫొటోలో అన్నిటికన్నా అందంగా ఉన్నదీ ఒకటే అయింది. అక్కడే అనుమానం రావాల్సింది. లెదర్ అని రాశాడు; విప్పి చూస్తే గట్టి ప్లాస్టిక్ గొట్టం, పైన రెక్సిన్ తొడుగు. అయినా అద్దం ముందు నిలబడి చూసుకుంటే బాగానే ఉన్నాననిపించింది. అద్దం ముందు బాణం తీసి చూసుకుని ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆ ఆదివారం బాణాలు వేసే గీత మీద ఆరుగురం నిలబడ్డాం. ఈల వేశారు. మిగతా ఐదుగురూ మొదటి బాణం వేసేశారు. నేను చెయ్యి భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి, బాణం నాక్‌ని, అంటే వింటినారికి తగిలించే వెనక కొసని, వేళ్లతో పట్టుకుని పైకి లాగాను. వచ్చింది, వచ్చింది, ఆగిపోయింది. చెయ్యి నిటారుగా ఆకాశంలోకి లేచి ఉంది, ములికి మాత్రం ఇంకా గొట్టంలోనే ఉంది. వదిలితే టక్కుమని లోపలికి జారింది. మళ్లీ లాగాను. మునివేళ్ల మీద లేచాను. నేను లేస్తే వీపు మీది గొట్టమూ నాతోపాటు లేస్తుందన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. ఎడమకి ఒరిగాను, కుడికి ఒరిగాను. క్లాసులో ప్రశ్న అడగడానికి చెయ్యెత్తి, ఎవరూ పట్టించుకోని పిల్లాడిలా ఉండిపోయాను.

వెనక తన వంతు కోసం చూస్తున్న పదేళ్ల కుర్రాడు చాలా మర్యాదగా, "అంకుల్, బాణం తీయమంటారా?" అన్నాడు.

వద్దన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. నాకే వచ్చనిపించుకోవాలని ముందుకి వంగి లాగాను. ఆ ఒక్కటీ వచ్చింది, దానితోపాటు మిగతా పదకొండూ నా చెవుల పక్కనుంచి జారి గీత అవతల పడ్డాయి. అందరూ వేయడం అయిపోయి మూడు ఈలలు వినబడేదాకా గీత దాటకూడదు. కాబట్టి ఖాళీ గొట్టం వీపున వేసుకుని, కాళ్ల ముందు చెల్లాచెదురుగా పడ్డ నా బాణాలనే చూస్తూ నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఇంటికెళ్లి టేపు తీశాను. నా బాణం 29 అంగుళాలు, గొట్టం లోతు 25. ములికి బయటపడాలంటే బాణం 25 అంగుళాలు పైకి లేవాలి. మెడ వెనక నుంచి పూర్తిగా చాచినా నా చెయ్యి 22 కంటే లేవదు. పైగా నా బాణాల వెనక కొసన ఉండే ఈకలు 5 అంగుళాలవి, వాటి కింది అంచు గొట్టంలోనే ఉండి నలుగుతోంది. మెత్తతోలు పొది అయితే చేత్తోపాటు కాస్త వంగి, నోరు భుజం వైపు వాలుతుంది. గట్టి గొట్టానికి ఆ దయ లేదు.

అమ్మినవాడికి రాస్తే, "లోపల గీతలు పడ్డాయండీ, వాడిన సరుకు వెనక్కి తీసుకోం" అని జవాబు. బాణం పెట్టకుండా పొదిని ఎలా పరీక్షించాలో వాడే చెప్పాలి. పొడవు రాశాడు, చుట్టుకొలత రాశాడు, బకిల్ రంగు కూడా రాశాడు. లోపలి లోతు మాత్రం రాయలేదు. లోతు చెప్పని వాడి దగ్గర ఏదీ కొనకండి, అడిగినా చెప్పకపోతే అసలే వద్దు.

ఆ తరవాత చేసిన పని గురించి కొంచెం గొప్ప చెప్పుకుంటాను. పోస్టర్లు చుట్టి పంపే అట్ట గొట్టం ఒకటి తీసుకుని, తాడుతో వీపున కట్టుకుని, అంగుళం అంగుళం కోసుకుంటూ వచ్చాను. 21 దగ్గర బాణం హాయిగా వచ్చేసింది. 8 అంగుళాలు బయట ఉంటాయి కాబట్టి ఈకలూ నలగవు. పైసా ఖర్చు లేదు. మీ చెయ్యి వేరు, మీ బాణం వేరు, నా కొలత పట్టుకుని కొనకండి.

కొలత తెలిశాక వెతకడం తేలికైంది. స్నేహితుడి స్వెడ్ (నూగులాంటి మెత్తతోలు) పొది అరువు తెచ్చి చూశాను, మరీ మెత్తన. రెండు బాణాలు తీయగానే నోరు మూసుకుపోతుంది, తిరిగి పెట్టాలంటే పొదిని ముందుకి తిప్పుకుని చూసుకోవాలి. 1938లో రాబిన్ హుడ్ సినిమాకి బాణాలు వేసిన హోవర్డ్ హిల్ పేరు మీద ఇప్పటికీ అమ్మే నమూనా ఒకటుంది: వీపుకి అతుక్కునే మందపాటి తోలు, బాణాల్ని బిగించి పట్టుకుంటుంది కాబట్టి చప్పుడు తక్కువ. కొత్తది నా స్తోమతకి మించింది. భుజం నొప్పితో విలువిద్య మానేసిన పెద్దాయన దగ్గర అలాంటిదే పాతది దొరికింది. పట్టీ కుట్లు ఊడిపోయి ఉంటే చెప్పులు కుట్టే ఆయన చేత మళ్లీ కుట్టించాను. అన్నీ కలిపినా ఆ ప్లాస్టిక్ గొట్టం కన్నా తక్కువే అయింది.

పాతది కొనేటప్పుడు లోపల చెయ్యి పెట్టి తడమండి, రివెట్ల మొనలు తగిలితే ఈకలు చీరుకుపోతాయి. అడుగు కుట్టు లాగి చూడండి, ములుకుల బరువంతా దాని మీదే. అడుగున గొర్రె ఉన్ని ముక్క వేశాను, నడిస్తే వచ్చే గలగల చాలా తగ్గింది. ఎడమచేతివాటం వాళ్లు పొది నోరు ఏ భుజం వైపు వస్తుందో అడిగి తీసుకోండి. వేటకి వాడే పదునైన ములుకులు, బ్రాడ్‌హెడ్‌లు, ఉన్న బాణాల్ని తెరిచిన పొదిలో వీపున వేసుకోకండి, జారిపడితే అవి ఎక్కడ గుచ్చుకుంటాయో ఊహించుకోండి. కింద పడ్డదేదైనా తీయాలంటే నడుము వంచకుండా గొంతుకూర్చోండి. దీని గురించి నాకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

నిన్న పన్నెండో బాణం వేశాక ఆ కుర్రాడికేసి చూశాను. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.