ఫసలీ లెక్కల్లో ఒక ఓరుగల్లు బడి

కరీంనగర్ నుంచి హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా హన్మకొండ సుమారు 70 కిలోమీటర్లు. పాత బడి రికార్డులు చూడాలని వెళ్లేవాళ్లు పొద్దున్నే బస్సెక్కాలి. ప్రార్థన వేళకు ప్రభుత్వ హైస్కూల్లో ఎవరికీ ఊపిరాడదు. మధ్యాహ్న భోజనం గంట కొట్టాక బీరువా తాళాలున్న మనిషి దొరకడు. మొదటి పీరియడ్ అయిన దగ్గర్నుంచి భోజనం గంట దాకా ఉన్నదే మనకు దక్కే సమయం. ఎల్కతుర్తి దాటాక బస్సులో అందరూ దిగే హడావుడిలో పడతారు కానీ, ఆ చుట్టుపక్కలే పి.వి. నరసింహారావు పెరిగిన వంగర ఉంది. ఆయన హైస్కూలు చదువు హన్మకొండలోనే సాగింది. ఆ కాలపు పిల్లలు ఏ భాషలో చదువుకున్నారో, వాళ్ల బడి రికార్డు ఏ సంవత్సరాల లెక్కలో నడిచిందో చూడటానికే మేం బయల్దేరాం. మాలో ఇద్దరం బడి పంతుళ్లుగా చేసి రిటైరైనవాళ్లం. వెంట వచ్చిన మౌల్వీ సాబ్ చేతిరాత ఉర్దూ చదవడంలో దిట్ట. ఆయన లేకపోతే ఈ ప్రయాణానికి అర్థమే లేదు.

హన్మకొండలో దిగగానే బడికి పోకుండా ముందు రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం చూడమని చెబుతాను. 1904లో పెట్టిన గ్రంథాలయం అది. నిజాం రాజ్యంలో పై చదువంతా ఉర్దూలో, కచేరీ పనంతా ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో ఊరివాళ్లే పూనుకుని తెలుగు పుస్తకాలకు ఒక చోటు కల్పించారు. ప్రైవేటు బడి పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. వాటిని ఖాన్గీ బడులనేవారు. మనుషులు గుమిగూడి మీటింగు పెట్టుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అడ్డు. ఆ పరిస్థితిలో తెలుగు చదవాలన్న కోరిక గ్రంథాలయాల్లోకి పారింది. బడి రికార్డులో తెలుగు ఎందుకంత తక్కువగా కనిపిస్తుందో ఈ నేపథ్యం తెలిస్తేనే బోధపడుతుంది.

చౌరస్తా దగ్గర షేర్ ఆటో ఎక్కితే ములుగు రోడ్డు మీదుగా ఎంజీఎం ఆస్పత్రి దాకా పోవచ్చు. అక్కణ్నుంచి పోచమ్మ మైదాన్, మట్వాడ వైపు నడకే మేలు. మేం చూడబోయిన బడి ఆ పాత వరంగల్ గల్లీల్లోనే ఉంది. ఇప్పటికీ పిల్లలు చదువుతున్న ప్రభుత్వ పాఠశాల కాబట్టి పేరు చెప్పను. ఇలాంటి బడులు గిర్మాజీపేట నుంచి కరీమాబాద్ దాకా ఇంకా ఉన్నాయి. ఇక్కడ చెప్పేది వాటిలో చాలావాటికి పనికొస్తుంది.

గేటు దాటగానే ఎడమపక్క పాత భవనం. రాతి పునాది, డంగు సున్నంతో కట్టిన గోడలు, వరండా మీద బెంగళూరు పెంకులు. లోపలి రెండు గదులకు మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు దిమ్మిసతో కొట్టిన కప్పు. ఎండాకాలం ఆ గదుల్లో కూర్చుంటే తేడా ఒంటికే తెలుస్తుంది. పక్కనున్న కొత్త స్లాబు గదుల్లో పిల్లలు చెమటలు కక్కుతుంటే ఇక్కడ ఫ్యాను లేకున్నా పాఠం నడుస్తుంది.

గోడల కింది భాగం మాత్రం దెబ్బతిన్నది. నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తు వరకు ఎప్పుడో సిమెంటు పూత పూసి, దాని మీద ప్లాస్టిక్ పెయింటు వేశారు. పాత గోడకు అడుగున తేమను ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూత గుండా ఆరిపోతుంది. గోడ తయారైన తీరే అది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ పైకి పాకుతుంది. సిమెంటు పూత ఎక్కడ ఆగిందో సరిగ్గా దాని పైన తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటుంది. మేం వేలితో రాస్తే లోపలి సున్నం పిండిలా ఊడి వచ్చింది. బయటికి గట్టిగా కనిపించే సిమెంటును తడితే బోలుగా మోగింది.

దీన్ని బాగుచేయడం కష్టం కాదు, తొందర పనికిరాదు అంతే. సిమెంటును సుత్తీ ఉలీతో మెల్లగా ఒలిచేయాలి, డ్రిల్లింగ్ మిషన్ పెడితే ఇటుకలు కదులుతాయి. ఒలిచాక ఒక ఎండాకాలమంతా గోడను అలాగే ఆరనివ్వాలి. పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత బాగా నానిన సున్నం ఒక పాలు, జల్లెడ పట్టిన ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు కలిపి, గోడ తడిపి, ఒక్కో పూత 10 నుంచి 12 మిల్లీమీటర్లకు మించకుండా వేయాలి. మందంగా ఒకేసారి వేస్తే పగుళ్లిస్తుంది. వారం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. పైన వెల్ల మాత్రమే వేయాలి. మరమ్మతు నిధులు వచ్చిన బడుల్లో టైల్స్, ఎమల్షన్ పెయింటు మీద చూపే శ్రద్ధ ఈ చిన్న సంగతి మీద చూపితే పాత గదులు మరో రెండు తరాలకు పనికొస్తాయి. నా మనసులో ఉన్న పెద్ద బాధ ఇదే. బాగున్న గోడను బాగుచేస్తున్నామనుకుంటూ పాడుచేస్తున్నాం, ఆ తర్వాత శిథిలమైందని రాసి కూలగొడుతున్నాం.

తలుపు పైన ఒక చిన్న రాతి పలక ఉంది. ఉర్దూలో బడి పేరు, కింద సంవత్సరం. చాలామంది పొరబడేది ఇక్కడే. నిజాం కాలపు పలకల మీద 13తో మొదలయ్యే సంవత్సరం హిజ్రీ, అంటే ముస్లింల చాంద్రమాన లెక్క కావచ్చు, లేదా ఫసలీ, అంటే సర్కారు పంట-శిస్తుల లెక్క కావచ్చు. ఒకే అంకె రెండు లెక్కల్లో సుమారు తొమ్మిదేళ్లు ఎడం ఇస్తుంది. హిజ్రీ 1345 అంటే 1926-27. ఫసలీ 1345 అంటే 1935-36. అంకె పక్కన చిన్నగా 'హే' అక్షరం ఉంటే హిజ్రీ, 'ఫే' ఉంటే ఫసలీ. సున్నం కొట్టీ కొట్టీ ఆ అక్షరం పూడుకుపోతుంది, కాబట్టి తడిగుడ్డతో తుడిచి పక్క నుంచి టార్చి వేసి చూడాలి. బడులకు వజ్రోత్సవాలు, శతాబ్ది ఉత్సవాలు చేసేముందు ఈ ఒక్క అక్షరం చూసుకోవడం తప్పనిసరి.

హెడ్మాస్టరు గారికి ముందుగానే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం. ఏ సంవత్సరాల రిజిస్టర్లు కావాలో, ఫొటోలు తీస్తామో లేదో, ఏమేం బయటపెట్టమో ఆ ఉత్తరంలోనే రాయాలి. అటెండరు ఎర్రబట్టలో కట్టిన బస్తా తెచ్చి బల్ల మీద పెట్టాడు. హాజిరి పట్టీలు కొన్నేళ్లకు తీసిపారేస్తారు. అడ్మిషన్ రిజిస్టరు మాత్రం శాశ్వత రికార్డు. బడి పుట్టుకకు, ఆ వాడ చరిత్రకు అంతకు మించిన సాక్ష్యం మరోటి లేదు.

పాత రిజిస్టరు కుడి నుంచి తెరవాలి. మొదటి పేజీలో బడి స్థాయి రాసి ఉంటుంది. తహ్తానియా అంటే ప్రాథమిక, వస్తానియా అంటే మధ్య తరగతులు, ఫౌఖానియా అంటే హైస్కూలు. ఒకే బడి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎప్పుడు ఎదిగిందో ఈ మాట మారిన పేజీయే చెబుతుంది. ప్రధానోపాధ్యాయుడు సదర్ ముదర్రిస్. ఆ సంతకం మారితే బదిలీ జరిగినట్టు.

అంకెల దగ్గర మౌల్వీ సాబ్ మమ్మల్ని ఆపారు. "ఇది సున్న కాదు సాబ్, ఐదు. సున్న అంటే చుక్కే" అన్నారు. అదీ కీలకం. గుండ్రంగా కనిపించేది 5. చిన్న చుక్క 0. ఇంగ్లీషు 'వీ' ఆకారంలో ఉన్నది 7, దాన్ని తలకిందులు చేస్తే 8. 2కీ 3కీ పైన ఉండే పళ్ల సంఖ్యలోనే తేడా, రాసేవాళ్ల చెయ్యి తొందరపడితే రెండూ ఒకటే. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు ఎడమ నుంచి కుడికే చదవాలి. సిరా మరక పడితే లేని సున్న పుడుతుంది, సిరా వెలిస్తే ఉన్న సున్న పోతుంది. అందుకే ఒక్క పద్దును పట్టుకుని తేదీ తేల్చకూడదు. వరుస నంబర్లు, పై పద్దు, కింది పద్దు కలిపి చూడాలి.

ఫసలీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చే లెక్క తేలికే. హైదరాబాద్ ఫసలీ అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. ఆజుర్ నుంచి డిసెంబరు చివరి వరకు 590, జనవరి నుంచి ఆఖరి నెల ఆబాన్ ముగిసే దాకా 591 కలపాలి. పిల్లల్ని ఎక్కువగా చేర్చుకునే జూన్ ఫసలీ నెల అమర్దాద్‌లో పడుతుంది కాబట్టి అడ్మిషన్ తేదీలకు చాలాసార్లు 591 సరిపోతుంది. కోస్తా జిల్లాల రెవెన్యూ ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఆ పట్టిక ముందుపెట్టుకుని ఇక్కడి రిజిస్టరు చదివితే నెలలు తప్పుతాయి.

పేర్లది ఇంకో చిక్కు. రాత శికస్తా, అంటే గొలుసుకట్టు వేగపు రాత. చుక్కలు పెట్టరు, హ్రస్వాలు రాయరు. ఎల్లయ్య, ఇల్లయ్య, అల్లయ్య ఒకేలా కనిపిస్తాయి. ణ, ళలకు విడి అక్షరాల్లేవు. అందుకే పేరును తండ్రి పేరుతో, వాడతో, వృత్తితో కలిపి చదవాలి. కొత్తవాడ అని ఉండి వృత్తి నేత అని ఉంటే, ఆ ఇంటిపేరు అక్కడి నేత కుటుంబాల్లో ఎలా పలుకుతారో అడిగితే వెంటనే తేలిపోతుంది.

వృత్తి గడి ముందు మేం చాలాసేపు ఆగిపోయాం. మొదటి పేజీల్లో వ్యవసాయం, వ్యాపారం, సర్కారీ ములాజిం, అంటే ప్రభుత్వోద్యోగి. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు వచ్చాక మిల్లు మజ్దూర్ అన్న మాట మొదలై క్రమంగా పెరుగుతూ పోయింది. రైల్వే, మండి హమాలీ, జంపఖానాల నేత, బీడీ పని దాని పక్కన వచ్చి చేరాయి. పేజీలు తిప్పుతుంటే వరంగల్ పల్లె పనుల నుంచి మిల్లు పనికి మళ్లిన క్రమం కనిపిస్తుంది. బడి వదిలిన కారణం గడిలో గైర్‌హాజిర్ అన్న మాటే ఎక్కువ. 1357 ఫసలీ, అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా ఉన్న పేజీల్లో చేరికలు పలచబడ్డాయి, బడి వదిలి పోయినవాళ్ల పద్దులు చిక్కబడ్డాయి. రజాకార్ల భయంతో ఊళ్లు ఖాళీ అయిన సంవత్సరం అది. ఎవరూ వ్యాఖ్య రాయలేదు, రాయాల్సిన పనీ లేదు. ఆ తర్వాతి రిజిస్టర్లో మెల్లగా తెలుగు రాత, ఇంగ్లీషు తేదీలు కనిపిస్తాయి. కొన్ని పేజీల్లో రెండు లెక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. మన లెక్క సరిచూసుకోవడానికి ఆ పేజీలే ఆధారం.

పుట్టిన తేదీలను మాత్రం నమ్మకూడదు. తల మీదుగా చెయ్యి వేస్తే అవతలి చెవి అందిందా, ఒకటో తరగతిలో చేర్చుకో. తేదీ పంతులు రాసిందే. జూన్, జూలై నెలల మొదటి తేదీలు కుప్పలుగా కనిపించడానికి కారణం అదే. వంశవృక్షాలు రాసేవాళ్లు ఆ తేదీని చేరిక నాటి అంచనాగానే తీసుకోవాలి.

ఫొటోలకు కిటికీ వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. రిజిస్టరును పూర్తిగా వెనక్కి విరిచి తెరిస్తే కుట్లు తెగుతాయి. రెండు పక్కలా మడిచిన బట్ట పెట్టి సగం తెరిచి తీయాలి. వేలు తడి చేసి పేజీ తిప్పకూడదు. చిరిగినచోట సెల్లోటేపు అంటిస్తే కొన్నేళ్లకు పసుపు మరక కింద అక్షరాలు మాయమవుతాయి, లామినేషన్ చేస్తే ఇక వెనక్కి తీయలేం. ఫైలు పేరులో ఫసలీ, ఇంగ్లీషు సంవత్సరం, పేజీ నంబరు మూడూ ఉండాలి. కులం, పుట్టిన తేదీ ఉన్న గడులను బయట పెట్టకూడదు. ఒక పూర్తి కాపీ పెన్‌డ్రైవ్‌లో బడికే ఇచ్చి రావాలి, మేమూ అలాగే చేశాం.

ఈ రిజిస్టర్లు ఇప్పటికీ పని చేస్తూనే ఉన్నాయి. మేం కూర్చున్నంతసేపూ బోనఫైడ్ కోసం మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఉద్యోగాల్లో స్థానికత తేల్చడానికి 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివారన్నది చూపాలి కాబట్టి నోటిఫికేషన్ పడిందంటే ఆఫీసు గది ముందు వరుస కడతారు. అలాంటి రోజున పాత బస్తా విప్పమని అడగడం న్యాయం కాదు. జూన్‌లో అడ్మిషన్లు, మార్చిలో పదో తరగతి పరీక్షలు. వానాకాలం పాత కాగితం చెమ్మకు మెత్తబడి అంటుకుంటుంది. దసరా సెలవులు ముగిశాక, సంక్రాంతి సెలవులకు ముందు వెళ్లడం అన్నివిధాలా మంచిది. సమ్మక్క జాతర ఉన్న ఏడు మాఘమాసంలో అటుపోయే బస్సుల్లో కాలు పెట్టే జాగా ఉండదు. తిరుగు ప్రయాణానికి హన్మకొండ బస్టాండులో కరీంనగర్ బస్సులు సాయంత్రం వరకు దొరుకుతూనే ఉంటాయి.